ఆయుధంగా పుట్టిన కణ పుంజం

1989 జులై 13న న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ క్షిపణి ప్రయోగ కేంద్రం నుంచి ఏరీస్ రాకెట్ ఒకటి పైకి లేచింది. దాని కొసన ఉన్నది బాంబూ కాదు, ఉపగ్రహమూ కాదు. లాస్ అలమోస్ ప్రయోగశాల కణ త్వరణ యంత్రం. దాదాపు 200 కిలోమీటర్ల ఎత్తున అది హైడ్రోజన్ కణాల పుంజాన్ని శూన్యంలోకి వదిలి, చెక్కుచెదరకుండా నేలకు తిరిగొచ్చింది. ఆ ప్రయోగం పొట్టి పేరు 'బేర్'. కణ పుంజంతో గ్రహశకలాల దారి మళ్ళించవచ్చని ఊహించేవారు 'ఇదిగో' అని చూపించగలిగే యంత్రం ఏదైనా ఉందంటే ఇదే.

అయితే దాన్ని కట్టింది ఆకాశం నుంచి పడే రాళ్ళ కోసం కాదు. 1983 మార్చి 23న అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించిన క్షిపణి రక్షణ పథకం, అంటే పత్రికలు 'స్టార్ వార్స్' అని పిలిచినది, దాని పుట్టిల్లు. గురి సోవియట్ క్షిపణుల మీద. విద్యుదావేశం ఉన్న కణాలను భూమి అయస్కాంత క్షేత్రం వంచేస్తుంది. పైగా అవి ఒకదాన్నొకటి నెట్టుకుని చెదిరిపోతాయి. అందుకని హైడ్రోజన్ పరమాణువుకు ఒక ఎలక్ట్రాన్ అదనంగా తగిలించి, పరుగెత్తించి, చివర్లో పల్చటి వాయువు గుండా పంపి ఆ ఎలక్ట్రాన్‌ను రాల్చేస్తారు. ఆవేశం లేని కణాలు తిన్నగా పోతాయి. ఇంత చిన్న త్వరణ యంత్రం సాధ్యమైంది కాప్చిన్‌స్కీ, తెప్లియాకోవ్ అనే ఇద్దరు సోవియట్ శాస్త్రజ్ఞుల ఆలోచన వల్ల. వాళ్ళ క్షిపణుల మీదికే వాళ్ళ విద్య!

గ్రహశకలాల భయం వేరే దారిలో పెరుగుతూ వచ్చింది. 1967లో ఎంఐటీ విద్యార్థులకు పాల్ సాండార్ఫ్ ఒక లెక్క ఇచ్చాడు: ఇకారస్ అనే గ్రహశకలం భూమి మీదికి వస్తే ఏం చేస్తారు? శాటర్న్ రాకెట్లతో వంద మెగాటన్నుల బాంబులు పంపిస్తామన్నారు వాళ్ళు. 1980లో ఆల్వరెజ్ తండ్రీకొడుకులు తమ సహచరులతో కలిసి డైనోసార్ల అంతానికి గ్రహశకలమే కారణమన్నాక ఈ భయాన్ని చూసి నవ్వడం తగ్గింది. బేర్ ఎగిరిన ఏడాదే, మార్చిలో, ఆస్క్లెపియస్ అనే రాయి సుమారు 7 లక్షల కిలోమీటర్ల దూరంలో దూసుకుపోయింది. దాన్ని కనుక్కున్నది అది దాటిపోయిన తర్వాతే. అమెరికా కాంగ్రెస్ అడగడంతో నాసా రెండు సదస్సులు పెట్టింది, ఒకటి వెతకడానికి, ఒకటి అడ్డుకోవడానికి. రెండోది 1992 జనవరిలో లాస్ అలమోస్‌లోనే జరిగింది. సోవియట్ యూనియన్ కూలి అప్పటికి నెల కూడా కాలేదు. శత్రువు పోయిన ఆయుధ నిపుణులు కొత్త శత్రువును వెతుక్కుంటున్నారని దుర్భిణుల వాళ్ళు అనుమానించారంటే వింతేముంది?

గ్రహశకలాన్ని నెట్టడానికి ఆయుధ పుంజం వాడదామంటే లెక్కలే అడ్డం. అది పదిలక్షల్లో ఒక వంతు చొప్పున విచ్చుకున్నా, పదిలక్షల కిలోమీటర్లు పోయేసరికి కిలోమీటరు వెడల్పవుతుంది. 160 మీటర్ల రాయికి తగిలేది అందులో మూడు శాతం లోపే. ఇక వేగం. బేర్ కణాల శక్తి పదిలక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే సెకనుకు దాదాపు 14,000 కిలోమీటర్ల పరుగు. వేగం రెట్టింపైతే శక్తి ఖర్చు నాలుగింతలవుతుంది, తోపు మాత్రం రెట్టింపే. రాతిని ఆవిరి చేసి ఆ ఎదురుతోపుతో నెట్టవచ్చు కదా అంటే, పుంజమంతా చిన్న చోట పడాలి. అంత దూరం నుంచి అది కుదరదు. ఆ ఆశను కాలిఫోర్నియాలో ఫిలిప్ లూబిన్, గ్యారీ హ్యూస్ లేజర్ల మీద పెట్టుకున్నారు. 2013లో వాళ్ళు ఆ పథకం ప్రకటించిన మర్నాడే చెల్యాబిన్స్క్ మీద ఉల్క పేలింది.

నాకు ముచ్చటగా తోచేది దీనికి పూర్తిగా తిరగబడిన ఆలోచన. పుంజం నెమ్మదించాలి, దగ్గరికి రావాలి. 2011లో మాడ్రిడ్‌లో బాంబార్డెల్లి, పెలాయెజ్ ప్రతిపాదించిన ఈ పద్ధతిని నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో జాన్ బ్రోఫీ కూడా పరిశీలించాడు. నౌక రాయి పక్కనే నిలిచి అయాన్ ఇంజిన్‌ను దాని మీదికి తిప్పుతుంది. తాను వెనక్కి కొట్టుకుపోకుండా అవతలి వైపు రెండో ఇంజిన్ నడుపుతుంది. జెనాన్ అయాన్లు సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తగులుతాయి. ఒకే విద్యుత్తుకు బేర్ పుంజం కన్నా ఈ తోపు నాలుగు వందల రెట్లకు పైగా ఎక్కువ. అయినా మొత్తంగా చూస్తే కొద్దిపాటిదే: వెస్టా, సెరెస్‌లకు వెళ్ళిన డాన్ నౌక ఇంజిన్ బలం అరచేతిలో పెట్టిన కాగితం బరువంత. కానీ పదేళ్ళ ముందు రాయి వేగాన్ని సెకనుకు ఒక్క సెంటీమీటరు మారిస్తే చాలు, భూమి తప్పిపోతుంది.

నిజంగా తోసి చూపింది మాత్రం చివరికి మొరటు దెబ్బే. 2022 సెప్టెంబర్ 26న నాసా డార్ట్ నౌక సెకనుకు ఆరు కిలోమీటర్ల వేగంతో, మరో గ్రహశకలం చుట్టూ తిరిగే చిన్న రాయి డైమార్ఫోస్‌ను ఢీకొట్టి, దాని పరిభ్రమణ కాలాన్ని అరగంటకు పైగా తగ్గించింది. ఆ నౌకలో అయాన్ ఇంజిన్ కూడా ఉంది. దారిలో ఒకసారి పరీక్షించి మళ్ళీ ముట్టుకోలేదు. క్షిపణుల కోసం తటస్థ కణ పుంజాన్ని మళ్ళీ కక్ష్యలో పరీక్షించాలని పెంటగాన్ తలపెట్టి, 2019లో పక్కన పెట్టేసింది. మెల్లగా తోసే యంత్రానికి కావాల్సింది ఏళ్ళ తరబడి ముందస్తు కబురు. అందుకే నాసా ఇప్పుడు నియో సర్వేయర్ అనే పరారుణ దుర్భిణిని సిద్ధం చేస్తోంది.