ముసాయిదా రూల్స్ ఎలా చదవాలి? గడువులోగా అభ్యంతరం ఎలా చెప్పాలి?

చుండూరులో దళితుల ఊచకోత జరిగింది 1991 ఆగస్టు 6న. అప్పటికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అమల్లో ఉంది. 1990 జనవరి 30 నుంచే ఉంది. కానీ ఆ చట్టం కింద రూల్స్ లేవు. అవి 1995 మార్చి 31న గానీ రాలేదు. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి, బాధితులకు ఏ నేరానికి ఎంత సహాయం ఏ దశలో ఇవ్వాలి, సాక్షుల దారిఖర్చులు ఎవరు భరించాలి, జిల్లా విజిలెన్స్ కమిటీలో ఎవరుండాలి, అది ఎన్నాళ్లకోసారి కూర్చోవాలి. ఇవన్నీ 1995 రూల్స్‌తో వచ్చినవే. ఐదేళ్ల పాటు చట్టం ఉండి కూడా ఇవేవీ రాతపూర్వకంగా లేవు.

చట్టం హక్కు ఇస్తుంది. ఆ హక్కు వాడ దాకా వస్తుందా, కలెక్టరాఫీసులోనే ఆగిపోతుందా అన్నది రూల్స్ తేలుస్తాయి. చట్టం వచ్చినప్పుడు పేపర్లలో, టీవీల్లో చర్చ జరుగుతుంది. రూల్స్ మాత్రం చడీచప్పుడు లేకుండా గెజిట్‌లో వచ్చి పోతాయి. మన సంఘాలకు ఆ సంగతి తెలిసేసరికి చాలాసార్లు గడువు దాటిపోయి ఉంటుంది. అందుకే ఈ కాగితాలను ఎలా చదవాలో, ఎక్కడ అనుమానించాలో, ఎలా జవాబివ్వాలో ఇక్కడ వివరిస్తున్నాం.

ఏ కాగితానికి ఎంత బలం?

ముందు చేతిలో ఉన్న కాగితం ఏమిటో గుర్తుపట్టాలి.

చట్టం: పార్లమెంటు లేదా అసెంబ్లీ చేస్తుంది. మిగతా కాగితాలు దీనికి లోబడి ఉండాలి.

రూల్స్: చట్టం ఇచ్చిన అధికారంతో ప్రభుత్వం చేస్తుంది. అత్యాచారాల నిరోధక చట్టంలో ఈ అధికారం 23వ సెక్షన్‌లో ఉంది.

రెగ్యులేషన్స్: చట్టం ద్వారా ఏర్పడిన సంస్థలు చేస్తాయి. యూజీసీ రెగ్యులేషన్స్ ఈ కోవలోవి.

గైడ్‌లైన్స్, సర్క్యులర్లు, మెమోలు: ఇవి చాలావరకు అధికారులకిచ్చే సూచనలు. రూల్స్‌కున్న బలం వీటికి సాధారణంగా ఉండదు. కానీ ఆచరణలో ఆఫీసులు వీటి ప్రకారమే నడుస్తాయి కాబట్టి తేలిగ్గా తీసుకోకూడదు.

జీవోలు: రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వులు. 'ఎంఎస్' నంబరుతో వచ్చేవి సాధారణంగా విధానపరమైనవి. 'ఆర్‌టీ' నంబరుతో వచ్చేవి బదిలీలు, మంజూరుల వంటి రోజువారీ వ్యవహారాలు.

కేంద్రం ఇచ్చేవి ఈ-గెజిట్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. కేంద్ర రూల్స్ ఎక్కువగా రెండో భాగం, మూడో సెక్షన్‌లో జీఎస్ఆర్ నంబరుతో ఉంటాయి. యూజీసీ రెగ్యులేషన్స్ మూడో భాగం, నాలుగో సెక్షన్‌లో ఉంటాయి. శీర్షికలో 'డ్రాఫ్ట్' అనే మాట ఉంటే అది ముసాయిదా. మన మాటకు చోటున్న దశ అదే.

ముసాయిదా దశ ఎందుకు ముఖ్యం?

కొన్ని చట్టాలు 'ముందుగా ప్రచురించిన తర్వాతే' రూల్స్ చేయాలని షరతు పెడతాయి. అలాంటప్పుడు ఏం చేయాలో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. ముసాయిదాను ప్రచురించాలి. దాన్ని ఏ తేదీ తర్వాత పరిశీలిస్తారో ప్రకటించాలి. ఆ తేదీలోగా వచ్చిన అభ్యంతరాలను, సూచనలను పరిగణనలోకి తీసుకోవాలి. తుది రూల్స్ గెజిట్‌లో అచ్చయ్యాక మాత్రం, అవి సక్రమంగానే చేశారనడానికి ఆ ప్రచురణే తిరుగులేని రుజువు అవుతుందని కూడా అదే సెక్షన్ అంటుంది. అంటే గడువు దాటాక మన దారి చాలా ఇరుకైపోతుంది.

అన్ని చట్టాల్లోనూ ఈ షరతు ఉండదు. చట్టాల, రూల్స్ ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని, సులభమైన భాషలో వివరణ జోడించాలని 2014లో కేంద్రం ఒక విధానం ప్రకటించింది. అది విధానమే, చట్టం కాదు. అయినా గడువు పొడిగించమని అడగడానికి అది మనకొక ఆధారం.

భాష ఇంకో అడ్డంకి. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా ఇంగ్లీషు, హిందీల్లోనే వచ్చింది. దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలన్నిటిలోకీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. అభ్యంతరాల గడువును ఆ ఏడాది ఆగస్టు 11 దాకా పొడిగించింది. కేంద్రం ఆ అనువాద ఆదేశంపై సుప్రీంకోర్టుకు వెళ్లింది. మన భాషలో కాగితం కావాలని అడగడం అత్యాశ కాదని ఆ తీర్పు గుర్తుచేస్తుంది.

చదివేటప్పుడు వేయాల్సిన ఐదు ప్రశ్నలు

ఒకటి: గడువు ఏ రోజు నుంచి లెక్క? చాలా ముసాయిదాల్లో 'గెజిట్ ప్రతులు ప్రజలకు అందుబాటులోకి వచ్చిన తేదీ నుంచి' అని ఉంటుంది. అది నోటిఫికేషన్ మీద వేసిన తేదీ కాకపోవచ్చు. మొదటి పేజీలోనే ఈ మాట వెతికి, ఆఖరు తేదీని ఎర్ర సిరాతో రాసుకోవాలి.

రెండు: నిర్వచనాలు ఏమంటున్నాయి? అసలు మెలిక తరచుగా ఇక్కడే ఉంటుంది. పాకీపని నిషేధానికి వచ్చిన 2013 చట్టాన్నే చూద్దాం. సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలువల 'ప్రమాదకర శుభ్రత'కు మనుషులను దించకూడదని అందులో ఉంది. కానీ ప్రమాదకర శుభ్రత అంటే, యజమాని రక్షణ పరికరాలు ఇవ్వకుండా, ఇతర జాగ్రత్తలు పాటించకుండా చేయించే పని అని నిర్వచనం. మనిషిని దించడమే తప్పు అని ఆ నిర్వచనం అనదు. అలాగే, కేంద్రం నోటిఫై చేసిన పరికరాలు, రక్షణ సామగ్రితో పని చేసేవారిని పాకీపనివారిగా పరిగణించకూడదని ఒక వివరణ జోడించారు. శీర్షిక ఒకటి చెబితే నిర్వచనం దాన్ని ఎంత కుదిస్తుందో ఇక్కడ కనబడుతుంది.

మూడు: 'చేయాలి' అని ఉందా, 'చేయవచ్చు' అని ఉందా? ఇంగ్లీషులో 'షల్' అంటే సాధారణంగా తప్పనిసరి. 'మే' అంటే అధికారి ఇష్టం. 'వీలైనంత వరకు', 'అవసరమనుకుంటే', 'ప్రత్యేక పరిస్థితుల్లో' వంటి మాటల కింద గీత గీయాలి. ఎవరికి అవసరమనిపించాలి, ప్రత్యేక పరిస్థితి అని ఎవరు తేలుస్తారు అని అడగాలి.

నాలుగు: ఎవరు, ఎన్ని రోజుల్లో, చేయకపోతే ఏమిటి? అత్యాచారాల నిరోధక రూల్స్‌లో జిల్లా విజిలెన్స్ కమిటీ కనీసం మూడు నెలలకోసారి సమావేశం కావాలని ఉంది. 2016 సవరణ తర్వాత దర్యాప్తు ముగించి చార్జిషీటు వేయడానికి 60 రోజులు గడువు పెట్టారు. ఇలా అంకె ఉన్నచోట మనం నిలదీయగలం. 'త్వరితగతిన' అని రాసినచోట నిలదీయడానికి పట్టు దొరకదు.

ఐదు: పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో లేనిదేమిటి? సవరణ కాగితంలో 'ఫలానా పదాల బదులు ఫలానా పదాలు' అని మాత్రమే ఉంటుంది. పాత రూల్ పక్కన పెట్టుకోకపోతే ఏం పోయిందో తెలియదు. రెండు నిలువు గడులు గీసి, ఎడమన పాతది, కుడిన కొత్తది రాసుకోవాలి. ఖాళీగా మిగిలిన గడి దగ్గరే మన అభ్యంతరం మొదలవుతుంది.

ఒక ముసాయిదా కథ

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల 2016 జనవరి 17న మరణించాడు. క్యాంపస్‌లలో వివక్షను అరికట్టే యూజీసీ రెగ్యులేషన్స్ 2012 నుంచే ఉన్నాయి. వాటిని సరిగా అమలు చేయడం లేదంటూ రోహిత్ తల్లి రాధిక, ముంబైలో మరణించిన డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి అబేదా 2019లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఆ కేసు నడుస్తుండగా 2025 ఫిబ్రవరి చివర యూజీసీ కొత్త ముసాయిదా విడుదల చేసి, సలహాలు, అభ్యంతరాలు కోరింది.

పై ప్రశ్నలతో దాన్ని చదివినవారికి కొన్ని సంగతులు కనిపించాయి. కుల వివక్ష నిర్వచనంలో ఎస్సీలు, ఎస్టీలు ఉన్నారు, ఓబీసీలు లేరు. వివక్ష ఏయే రూపాల్లో ఉంటుందో 2012 రెగ్యులేషన్స్ వివరంగా చెప్పాయి, ముసాయిదాలో ఆ వివరం లేదు. పైగా తప్పుడు ఫిర్యాదు చేస్తే చర్య తీసుకుంటామనే క్లాజు చేరింది. హాస్టల్లో, ల్యాబులో, మార్కుల దగ్గర జరిగే వివక్షకు రాతపూర్వక సాక్ష్యం దొరకడమే కష్టం. అలాంటిచోట ఈ క్లాజు ఫిర్యాదు చేయబోయే విద్యార్థి నోరు కట్టేస్తుంది.

విద్యార్థి సంఘాలు, అధ్యాపకులు అభ్యంతరాలు పంపారు. పిటిషనర్ల తరఫు సూచనలను పరిశీలించమని సుప్రీంకోర్టు యూజీసీకి చెప్పింది. ఓబీసీలను చేర్చాలని పార్లమెంటరీ స్థాయీ సంఘం సిఫారసు చేసింది. 2026 జనవరిలో తుది రెగ్యులేషన్స్ వచ్చాయి. వాటిలో కుల వివక్ష నిర్వచనంలోకి ఓబీసీలు వచ్చారు. తప్పుడు ఫిర్యాదు క్లాజు పోయింది. ముసాయిదా దశలో చెప్పిన మాట తుది కాగితాన్ని మార్చగలదనడానికి ఇది తాజా ఉదాహరణ.

కథ అక్కడితో ముగియలేదు. ఆ నిర్వచనం అన్ని వర్గాలకూ వర్తించడం లేదంటూ కొందరు కోర్టుకు వెళ్లారు. 2026 జనవరి 29న సుప్రీంకోర్టు కొత్త రెగ్యులేషన్స్‌ను నిలిపివేసింది, 2012 నాటివే అమల్లో ఉంటాయని చెప్పింది. రూల్ మీద పోరాటం ముసాయిదాతో మొదలై కోర్టు దాకా సాగుతుంది. అన్ని దశల్లోనూ పాఠాన్ని అక్షరం అక్షరం చదివినవారి మాటకే బలం ఉంటుంది.

అభ్యంతరం ఎలా రాయాలి?

పెద్ద వ్యాసం అక్కర్లేదు. ఒక్కో క్లాజుకు ఒక్కో పేరా చాలు. క్లాజు నంబరు, అందులో తప్పేమిటి, మన అనుభవం ఏమిటి, బదులుగా ఏ మాట ఉండాలి. ఈ నాలుగూ ఉండాలి. ఉదాహరణకు ఇలా రాయొచ్చు:

'ముసాయిదాలోని ఫలానా క్లాజులో కమిటీ అవసరాన్ని బట్టి సమావేశం కావచ్చు అని ఉంది. ఈ మాట వల్ల ఏళ్ల తరబడి సమావేశం పెట్టకపోయినా తప్పు కాకుండా పోతుంది. దీని బదులు, కమిటీ కనీసం మూడు నెలలకోసారి తప్పనిసరిగా సమావేశం కావాలి, తీర్మానాలను వారంలోగా వెబ్‌సైట్‌లో ఉంచాలి అని మార్చాలని కోరుతున్నాం.'

'ఈ ముసాయిదాను మొత్తంగా వ్యతిరేకిస్తున్నాం' అని మాత్రమే రాసిన ఉత్తరాన్ని పక్కన పెట్టేయడం ఆఫీసుకు తేలిక. క్లాజు నంబరుతో, ప్రత్యామ్నాయ పాఠంతో రాసినదాన్ని తోసేయడం అంత తేలిక కాదు. రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే అదే మన రికార్డు. ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులోనూ పంపి, రసీదు దాచుకోవాలి.

ఇంగ్లీషు రాకపోతే ఆగిపోవద్దు. కష్టనష్టాలపై ఏ అధికారికైనా దేశంలో లేదా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణ ఇచ్చింది. తెలుగులో రాయండి. వీలైతే ఇంగ్లీషు అనువాదం జత చేయండి.

ఊళ్లోకి వచ్చే నోటీసు

ఢిల్లీ ముసాయిదాలే కాదు, ఊరి పంచాయతీ గోడ మీద అంటించే నోటీసు కూడా ఈ కోవలోదే. 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ ఇస్తే దాన్ని గెజిట్‌తో పాటు రెండు దినపత్రికల్లో వేయాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. పంచాయతీలో, తహసీల్దారు, కలెక్టరు కార్యాలయాల్లో స్థానిక భాషలో పెట్టాలి. 15వ సెక్షన్ ప్రకారం 60 రోజుల్లోగా కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. మన వాదన నేరుగా వినిపించే అవకాశం కలెక్టరు ఇవ్వాలి.

ఇక్కడ కూడా నిర్వచనాలే కీలకం. ఆ చట్టం 'భూ యజమాని' నిర్వచనంలో అసైన్డ్ భూముల ప్రస్తావన ఉంది. 'ప్రభావిత కుటుంబం' నిర్వచనంలో, సేకరణకు ముందు మూడేళ్లుగా ప్రభావిత ప్రాంతంలో పనిచేస్తూ బతుకుతున్న వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు కూడా ఉన్నారు. 'మీది డీ పట్టా, మీకేం వస్తుంది' అని ఎవరైనా అంటే చూపించాల్సిన పేజీ అదే.

తుది రూల్స్ వచ్చాక

మూడు పనులు మిగులుతాయి. అమల్లోకి వచ్చే తేదీ చూడాలి, అది ప్రచురణ తేదీ ఒకటే కాకపోవచ్చు. ముసాయిదాతో పోల్చి మన సూచనల్లో ఏది నిలిచింది, ఏది పోయింది రాసుకోవాలి. వచ్చిన అభ్యంతరాలెన్ని, వాటిపై తీసుకున్న నిర్ణయాలేమిటి అని సమాచార హక్కు కింద అడగాలి. కేంద్ర రూల్స్‌ను సాధారణంగా పార్లమెంటు ముందుంచాలి. సభలు వాటిని మార్చమనగలవు, రద్దు చేయగలవు. అంటే మన ఎంపీని అడగడానికి ఇంకా చోటుంది.

ప్రతి సంఘంలో ఇద్దరు ఈ పని తీసుకోవాలని మా విన్నపం. ఒకరు వారానికోసారి గెజిట్, జీవోలు చూడాలి. ఇంకొకరు మన వర్గాలకు తగిలేవాటిని ఒక పేజీ తెలుగులో రాసి వాడలకు, హాస్టళ్లకు పంపాలి. ఆ పేజీ పైన పెద్ద అక్షరాలతో ఉండాల్సింది అభ్యంతరాలకు ఆఖరు తేదీ.