కృష్ణాతీరంలో రోమన్ కాసు, మన కాటుక పుల్ల

బ్రిటన్ పొలాల్లో మెటల్ డిటెక్టర్లు పట్టుకుని తిరిగే మామూలు జనానికి రోమన్ కాలపు సింగారపు సామాను తరచు దొరుకుతుంటుంది. ఒకే కొక్కేనికి వేలాడే చిన్న పట్టకారు, గోటిలో మట్టి తీసే మొన, గుబిలి తీసే పుల్ల. అక్కడ రోమన్లు ఏలారు కాబట్టి రోమన్ అన్న పేరు చెల్లుతుంది. మన కృష్ణాతీరంలోనూ రోమన్ బంగారం దొరికింది. నాగార్జునకొండలో టిబేరియస్ చక్రవర్తి నాణెం, ఆంటోనినస్ పయస్ భార్య ఫౌస్టీనా నాణెం బయటపడ్డాయి. అందుకని ఈ మట్టిలో రాగి పుల్ల ఏది కనిపించినా రోము నుంచే దిగిందనడం తేలిక. కానీ కాసు వచ్చినంత మాత్రాన దాని వెంట ఆ ఊరి అలవాటు కూడా ఓడ దిగిందనుకోవడానికి ఆధారం చాలదు.

గుబిలి పుల్ల, పట్టకారు, మొన కలిసిన రాగి సెట్టు హరప్పాలోనే దొరికింది. అప్పటికి రోము నగరమే లేదు. అలాంటిదే మెసపొటేమియాలోని ఉర్‌లోనూ ఉంది. చెవీ గోళ్ళూ అందరికీ ఉన్నవే, వాటికి పనిముట్టు ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. ఇంకా గట్టి సాక్ష్యం బౌద్ధ వినయ పిటకంలో ఉంది. అందులో భిక్షువు గుబిలి తీసుకునే పుల్ల ఎముకతోనో, దంతంతోనో, కొమ్ముతోనో, వెదురుతోనో, రాగితోనో, శంఖంతోనో చేసుకోవచ్చు, వెండి బంగారాలు మాత్రం కూడదు. కాటుక పుల్లకూ అదే నియమం. ముక్కులో వెంట్రుకలు పీకడానికి పట్టకారు వాడొచ్చు. గోళ్ళలో మట్టి తీసుకోవచ్చు గాని ఇరవై గోళ్ళకూ మెరుగు పెట్టుకోకూడదు. ఎవరో పెట్టుకుని ఉంటేనేగదా ఈ నిషేధం! అవి పాళీ నియమాలు, అమరావతి చుట్టుపక్కల ఉన్నవి చైత్యక, శైల అనే వేరే బౌద్ధ శాఖలు కదా అనొచ్చు. నిజమే. అయితే పాళీ నియమాలు పాటించే సింహళ భిక్షువుల కోసం నాగార్జునకొండలో ఏకంగా ఒక విహారమే ఉండేది. 

ఇంత వర్తకం జరిగినచోట వస్తువులు రాకుండా ఉంటాయా అన్నది బలమైన అభ్యంతరమే. గ్రీకు నావికుల పెరిప్లస్ గ్రంథం మసాలియా అనే మన తీరపు సన్నని నూలు బట్టల్ని ప్రస్తావించింది. టాలెమీ చెప్పిన కొంటకొస్సిల రేవును మన ఘంటసాలగా గుర్తించారు. కానీ ఇక్కడే ఒక పాఠం ఉంది. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్వించిన పురావస్తు శాస్త్రవేత్త వీలర్, లోపలి అడుగున చక్రపు చుక్కలున్న నల్లని పళ్ళేలను మధ్యధరా తీరపు సరుకనుకున్నాడు. అలాంటి పెంకులు అమరావతిలోనూ ఉన్నాయి. తర్వాత మట్టిని పరీక్షిస్తే అది మన దేశపు మట్టేనని తేలింది. కుండ విషయంలోనే అంత పొరపాటు జరిగితే, అన్ని దేశాల్లోనూ ఒకేలా ఉండే పుల్ల సంగతి చెప్పాలా?

రోము మన సింగారానికి నిజంగా ఇచ్చింది నాణెమే. ఆంధ్రదేశంలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో చిల్లులు పొడిచినవి చాలా ఉన్నాయి. చక్రవర్తి ముఖం చెల్లుబాటు మానేసి మెడలో వేలాడింది. కాసులపేరు తెలిసిన ఆడవాళ్ళకు ఇది వింతగా తోచదు. అయితే లెక్కకెక్కేది కూడా ఎక్కువగా ఆ కాసే. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటితేనే కలెక్టరుకు తెలియజేయాలి. చిలుము పట్టిన కాటుక పుల్లకు ఆ ధర ఎవరు కడతారు? కాబట్టి కాసులు ఎక్కువగా, పుల్లలు తక్కువగా కనిపిస్తే, అందులో కొంత మన లెక్కల వంకరే.

ఇక ఎదురు దిశలో వెళ్ళిన సరుకు చూడండి. క్రీ.శ. 79లో బూడిదలో కూరుకుపోయిన పాంపేయిలో 1938లో ఒక భారతీయ దంతపు బొమ్మ దొరికింది. దక్కనులోని తేర్, భోకర్దన్‌లలో దొరికిన దంతపు బొమ్మలకు అది దగ్గరి పోలిక. అద్దానికి పిడిగా చేసిందని కొందరి అభిప్రాయం. నగలతో నిలుచున్న ఆ స్త్రీకి ఇరుపక్కలా ఇద్దరు చిన్న పరిచారికలున్నారు. వాళ్ళ చేతుల్లో ఉన్నది సింగారపు సామానే.