డాస్ నంబర్ల తికమక

మన ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో నల్లని తెర మీద "వెర్" అని కొట్టి చూసిన మిత్రులు మనలో ఉన్నారు. అందులో ఉన్నది ఎన్నో నంబరు డాసో అది చెప్పేది. ఆ నంబరును నమ్ముకుంటే మాత్రం తికమకే.

అసలు డాస్ మైక్రోసాఫ్టు వారింట పుట్టలేదు. సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న కంపెనీలో టిమ్ పాటర్సన్ అనే ఇంజనీరు 1980లో రాశాడు. మైక్రోసాఫ్టు 1981 జూలైలో హక్కులు కొన్నది. ఆగస్టులో ఐ.బి.ఎం. పీసీతో అది "పీసీ డాస్"గా వచ్చింది. తక్కిన కంపెనీల యంత్రాల మీద "ఎమ్మెస్ డాస్" అయింది. ఒకే బిడ్డకు రెండు పేర్లు!

1983లో 2.0తో హార్డ్ డిస్కు, డైరెక్టరీలు వచ్చాయి. 3.3 దాకా లెక్క సజావుగానే నడిచింది. చిక్కంతా 4 దగ్గర. ఒకేసారి పలు పనులు చేయగల 4.0 ఒకటి మైక్రోసాఫ్టు తయారుచేసింది. అది ఐరోపాలో కొద్ది కంపెనీలకే చేరింది. 1988లో ఐ.బి.ఎం. విడుదల చేసిన 4.0 దాని సంతతి కాదు, 3.3కు కొనసాగింపు. ఒకే నంబరుతో రెండు ఫైళ్లు తెరిచిన గుమాస్తాకు మన దగ్గరైతే మెమో రాకుండా ఉండేదా? 2024లో మైక్రోసాఫ్టు 4.00 సోర్సు కోడును బయటపెట్టినప్పుడు గాని ఆ మొదటి 4.0 తాలూకు తొలి నకళ్లు అందరి కంటా పడలేదు.

1991 నాటి 5.0లో "సెట్‌వెర్" అనే సదుపాయం ఉండేది. పాత నంబరు కావాలని మొండికేసే ప్రోగ్రాములకు డాస్ తన నంబరు తప్పు చెప్పడానికి అది! సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ దిద్దినట్లన్న మాట.

1993 మార్చిలో 6.0 డిస్కులోని సరుకును కుదించే "డబుల్‌స్పేస్"తో వచ్చింది. 6.1 నంబరు ఐ.బి.ఎం. వాడేసుకున్నది. మైక్రోసాఫ్టు నేరుగా 6.2కు దూకింది. ఇంతలో స్టాక్ అనే కంపెనీ పేటెంటు దావాలో నెగ్గడంతో 1994లో డబుల్‌స్పేస్ తీసేసి 6.21 వచ్చింది. ఆ ఏడే "డ్రైవ్‌స్పేస్"తో 6.22. అంటే నడుమ వచ్చిన పెద్ద నంబరులో సౌకర్యం తక్కువ!

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. ఒక నెలాఖరున మా సెక్షన్‌లో వైరస్ భయంతో ఎవరో 6.21 ఫ్లాపీతో యంత్రాన్ని లేపారు. డిస్కు ఖాళీగా కనబడింది. జీతాల బిల్లులన్నీ పోయాయని అందరి ముఖాలూ వాడిపోయాయి. నిజానికి అవన్నీ ఒక్క దాపుడు ఫైలులో భద్రంగానే ఉన్నాయి, విప్పి చదివే సాధనమే ఆ ఫ్లాపీలో లేదు. బీరువా అడుగున 6.2 ఫ్లాపీ దొరికేసరికి రాత్రి తొమ్మిదైంది.