దత్తాంశం సామాన్యమేనా? స్క్యూనెస్, కుర్టోసిస్‌ల చరిత్ర

గణాంకశాస్త్రంలో మీరు నేర్చుకునే పరీక్షల్లో చాలావాటికి ఒక షరతు ఉంటుంది. దత్తాంశం సామాన్య విభాజనాన్ని అనుసరించాలి. అంటే విలువలు సగటుకు ఇరువైపులా సమానంగా, గంట ఆకారంలో అమరాలి. ఈ షరతు నెరవేరిందో లేదో తెలుసుకునేది ఎలా? జవాబు వెనుక ఒక తెలుగువాడి ఆలోచన ఉంది.

గంట ఆకారపు వక్రరేఖను 1733లో డి మోయివర్ కనుగొన్నారు. 1809లో గౌస్ దానిని ఖగోళ పరిశీలనల్లోని దోషాలకు అన్వయించారు. తర్వాత ప్రకృతిలోని కొలతలన్నీ ఈ రేఖనే అనుసరిస్తాయని చాలామంది నమ్మారు. ఆ నమ్మకాన్ని కదిలించినవి నేపుల్స్ పీతలు! వెల్డన్ సేకరించిన కొలతల్లో ఒకటి ఒకవైపు వాలి ఉంది. 1894లో కార్ల్ పియర్సన్ దానిని రెండు సామాన్య విభాజనాల మిశ్రమంగా వివరించారు. 1895లో వాలిన వక్రాల కుటుంబాన్నే ప్రతిపాదించారు. కుర్టోసిస్ అనే పేరు 1905లో వచ్చింది.

వీటిని లెక్కించడం కష్టం కాదు. ప్రతి విలువ నుంచి సగటును తీసివేసి, క్రమవిచలనంతో భాగించండి. వచ్చిన సంఖ్యల ఘనాల సగటే స్క్యూనెస్, అంటే వైషమ్యం. నాలుగో ఘాతాల సగటు కుర్టోసిస్. సామాన్య విభాజనానికి ఇవి వరుసగా 0, 3. స్క్యూనెస్ ధనాత్మకమైతే కుడి తోక పొడవైనదని అర్థం. కుర్టోసిస్ శిఖరం ఎత్తును చెబుతుందని పాత పుస్తకాల్లో చదివి ఉంటారు. నిజానికి అది ప్రధానంగా తోకల బరువును, అంటే సగటుకు చాలా దూరంగా ఉన్న విలువల ప్రభావాన్ని చెబుతుంది.

ఇక మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023). ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1948లో ఆయన స్కోర్ పరీక్షను ప్రకటించారు. పరికల్పన నిజమనుకుని, ఆ బిందువు వద్ద సంభావ్యతా ప్రమేయం వాలు ఎంతో చూస్తే చాలు. వాలు పెద్దదైతే పరికల్పనను అనుమానించాలి. 1980లో హార్కే, అనిల్ బేరా ఈ సూత్రాన్ని పియర్సన్ వక్రాల కుటుంబానికి అన్వయించారు. చివరకు మిగిలినవి స్క్యూనెస్, కుర్టోసిస్ రెండే!

వారి సూత్రం ఇది: స్క్యూనెస్ వర్గానికి, కుర్టోసిస్ నుంచి 3 తీసివేయగా వచ్చినదాని వర్గంలో నాలుగో వంతు కలపండి. మొత్తాన్ని శాంపిల్ సంఖ్యలో ఆరో వంతుతో గుణించండి. ఫలితం 5.99 దాటితే, 5 శాతం స్థాయిలో సామాన్యత పరికల్పనను తిరస్కరిస్తాం.

సూరత్ దగ్గర ఇచ్ఛాపూర్‌లో 120 మంది కూలీల నెల ఆదాయాలు తీసుకున్నామనుకోండి. స్క్యూనెస్ 0.8, కుర్టోసిస్ 4 అయితే ఫలితం 17.8. తిరస్కరించాలి. ఇవే విలువలు 24 మందిలో వస్తే 3.56 మాత్రమే. ఆకారం మారలేదు, తీర్పు మారింది! అదే 6000 మందిలో స్క్యూనెస్ 0.1, కుర్టోసిస్ 3.1 అయినా ఫలితం 12.5. అంత స్వల్ప తేడాకే తిరస్కరణ.

కాబట్టి గుర్తుంచుకోండి. తిరస్కరించకపోవడం సామాన్యతకు రుజువు కాదు. తిరస్కరణ వచ్చినంత మాత్రాన తేడా పెద్దదని కాదు. చిన్న శాంపిళ్లకు 5.99 అనే హద్దు అంత నమ్మదగినది కాదు, అక్కడ 1965 నాటి షపిరో-విల్క్ పరీక్ష మేలు. ముందుగా రేఖాచిత్రం గీయండి. తోక ఎటు ఉందో, ఎందుకుందో ఆలోచించండి. కూలీల ఆదాయాలు కుడివైపు వాలి ఉంటే, కొద్దిమంది పెద్ద ఆదాయం సగటును పైకి లాగుతుంది. అప్పుడు సగటును మాత్రమే చూపితే ఎక్కువమంది కూలీల పరిస్థితి కనిపించదు. మధ్యగతాన్ని కూడా చెప్పండి.