చేతి నుంచి చేతికి: గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి

1883 నవంబరులో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గుంటూరులో అడుగుపెట్టారు. అప్పటికి ఈ ఊరు కృష్ణా జిల్లాలో ఒక పట్నం. గుంటూరు జిల్లా తిరిగి విడిగా ఏర్పడింది 1904లోనే. లూథరన్ మిషన్ మాత్రం పాతదే. 1842లో ఫాదర్ హయ్యర్ వచ్చి దాన్ని మొదలుపెట్టారు. బడులు నడుస్తున్నాయి, ఆరాధనలు జరుగుతున్నాయి. ఆడవాళ్ళను చూడటానికి ఆడ డాక్టరు మాత్రం లేదు. నొప్పులొస్తే మంత్రసాని, బిడ్డ అడ్డం తిరిగితే దేవుడి మీద భారం. ఘోషా ఇళ్ళలో ప్రాణం మీదికి వచ్చినా మగ వైద్యుణ్ణి లోపలికి రానిచ్చేవారు కాదు. బాలింతను మైల పేరుతో వెనకింటి కొట్టులో ఉంచేవారు. ఆమెకు ఎక్కువగా కావలసిన రోజుల్లోనే మనిషి చెయ్యి దూరమయ్యేది.

కుగ్లర్ పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో 1856లో పుట్టారు. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా తీసుకున్నారు. మన దేశం నుంచి వెళ్ళిన ఆనందీబాయి జోషి 1886లో డాక్టరైంది కూడా ఆ కళాశాలలోనే. చదువయ్యాక కుగ్లర్ నారిస్టౌన్‌లో మానసిక రోగుల ఆసుపత్రిలో పనిచేశారు. ఇండియా వెళ్తానని అడిగితే, ఆమెను పంపిన లూథరన్ స్త్రీల సంఘం వైద్య సేవ మొదలుపెట్టడానికి ఇంకా సిద్ధంగా లేదు. ఘోషా ఇళ్ళలో ఆడవాళ్ళకు చదువు చెప్పే పని అప్పగించింది. ఆమె ఆ పనికే ఒప్పుకుని బయల్దేరారు. పరికరాలు, మందులు మాత్రం వెంట తెచ్చుకున్నారు. చదువు చెప్పడానికి వెళ్ళిన ఇంట్లో బిడ్డ జ్వరంతో మూలుగుతుంటే డాక్టరు ఊరుకోగలదా? రెండేళ్ళకు, 1885లో, ఆమెను వైద్య మిషనరీగా నియమించారు. ఉత్తర్వు వచ్చేనాటికి పని ఎప్పుడో మొదలైపోయింది.

ఆ పనిలో మొదటి అడ్డంకి రోగం కాదు, అంటు. దొరసాని వచ్చి వెళ్తే ఇల్లు శుద్ధి చేసుకునేవారు. ఆమె ముట్టుకున్న బట్టలు తడిపేవారు. పిలిచింది వాళ్ళే, మందు కావలసింది వాళ్ళకే, చెయ్యి తగిలితే మాత్రం మైల. అయినా ఆమె మర్నాడు మళ్ళీ వెళ్ళేవారు. ఆ మర్నాటి ప్రయాణం దగ్గరే నా మనసు ఆగిపోతుంది. మత్తయి సువార్త 25వ అధ్యాయం ప్రతి ఆదివారం ఎక్కడో ఒకచోట ప్రసంగంలో వింటాం. రోగిని చూడటమంటే ప్రభువును చూడటమే అని అందులో ఉంది. విని ఇంటికి రావడం సులువు. తన అడుగుపడిన గచ్చు కడుక్కునే ఇంటికి మందుల సంచితో తిరిగి వెళ్ళడం ఆ అధ్యాయాన్ని నమ్మినవాళ్ళు చేసే పని.

సెలవు మీద అమెరికా వెళ్ళినప్పుడు ఆసుపత్రి కోసం విరాళాలు కూడగట్టారు. 1893లో డిస్పెన్సరీ, 1898లో ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. నర్సు కేథరీన్ ఫాస్, డాక్టర్ మేరీ బేర్ వచ్చి తోడయ్యారు. ఆసుపత్రిలో చేరాలంటే వెంట వచ్చినవాళ్ళ వంట ఎక్కడ, మడి ఎలా అని పై కులాల కుటుంబాలు వెనకాడేవి. ఏలూరు రాజా భుజంగరావు బహదూర్ తన భార్యకు ఇక్కడ జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా రోగుల బంధువులకు సత్రం కట్టించారు. క్రైస్తవ డాక్టరు చేసిన మేలుకు హిందూ జమీందారు ఇంకో మేలుతో బదులిచ్చారు. ఆ రెండూ కలిసి ఎంతమంది ఆడవాళ్ళకు ఆసుపత్రి గుమ్మం దాటే ధైర్యమిచ్చాయో!

ప్రభుత్వం 1905లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1930 జులై 26న గుంటూరులోనే కన్నుమూశారు. ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది. కానీ ఆమె వదిలి వెళ్ళిన ఆస్తి ఆ బోర్డు మీది పేరేనంటే నేను ఒప్పుకోను.

కుగ్లర్ గారు పోయిన కొన్నాళ్ళకు మా అమ్మమ్మ పల్లె నుంచి వచ్చి ఈ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంది. కుగ్లర్ గారిని చూడలేదు, ఆమె దగ్గర పనిచేసిన పెద్ద సిస్టర్ల దగ్గర నేర్చుకుంది. మాది మాలపల్లె. ఊరి బావిలో చేద వెయ్యనివ్వని కాలం అది. అలాంటి ఇంటి పిల్ల గంజిపెట్టిన తెల్లచీర కట్టి, కార్బాలిక్ సబ్బుతో చేతులు కడుక్కుని, ఏ కులం తల్లికైనా పురుడు పోసింది. ఎందరో బిడ్డలకు ఈ లోకంలో మొదట తగిలినవి ఆ చేతులే. కుగ్లర్ గారిని అంటుకోవడానికి జంకిన ఊళ్ళో, రెండు తరాలు తిరక్కుండా, మా అమ్మమ్మ చేతుల కోసం కబురు పంపేవారు. మా ఇళ్ళలో ఆడపిల్ల కూలికి కాకుండా డ్యూటీకి బయల్దేరడం, జీతం తెచ్చి తమ్ముళ్ళను చదివించడం అక్కణ్ణించే మొదలైంది.

అమ్మమ్మ దగ్గర మా అమ్మ, అమ్మ దగ్గర నేను నర్సు పని నేర్చుకున్నాం. పుస్తకంలో ఉన్నది నర్సింగ్ స్కూల్లో నేర్పారు. లేనిది ఇంట్లో నేర్చుకున్నాను. ముట్టుకునే ముందు ఏం చేయబోతున్నావో చెప్పాలి. చలికాలం చేతులు వెచ్చబెట్టుకుని కడుపు చూడాలి. ఒళ్ళు తుడిచేటప్పుడు తెర లాగాలి, స్పృహ లేని మనిషికైనా సరే. పోయిన బిడ్డను తల్లికి చూపించేముందు శుభ్రంగా తుడిచి గుడ్డ చుట్టాలి. "ఎవరి తాలూకమ్మా అని అడక్కు, ఎక్కడ నొప్పమ్మా అని అడుగు," అనేది అమ్మమ్మ. శిష్యుల కాళ్ళు కడిగిన ప్రభువును ఆమె పాటల్లో కంటే బేసిన్ పట్టుకున్నప్పుడే ఎక్కువ తలుచుకునేది.

నేను రిటైరయ్యాను. చర్చిలో నర్సింగ్ చదివే పిల్లలు నన్ను మాట్లాడమంటే, కుగ్లర్ గారి త్యాగం గురించి పెద్ద మాటలు చెప్పను. ఆమె ఈ ఊళ్ళో గడిపిన సుమారు 47 ఏళ్ళలో పతకం అందుకున్నది ఒక్కనాడు, మిగతావన్నీ డ్యూటీ రోజులే. మన రోజులూ అలాంటివే. రేపు వార్డుకు వెళ్తే విసుక్కునే ముసలమ్మ ఉంటుంది, డబ్బు లేక బిక్కమొహం వేసిన తండ్రి ఉంటాడు. వాళ్ళతో మెత్తగా మాట్లాడండి, మీ వెనక కొత్తగా చేరిన అమ్మాయిని పక్కన నిలబెట్టుకుని మాట్లాడండి. ఆ పిల్ల చూసి నేర్చుకుంటుంది. ఈ ఆసుపత్రిలో సేవ ఇన్నేళ్ళూ అలాగే నిలిచింది.