పురిటిలోనే పోయిన బిడ్డల లెక్క

నెలలు నిండిన యిల్లాలికి కానుపైనది, బిడ్డ యేడ్వలేదు. ఊరివారు గ్రహచారమందురు. వైద్యుడు ‘ఊపిరాడక మరణించెను’ అని పుస్తకమున వ్రాసికొనును. రెండవ మాట శాస్త్రీయముగా వినబడును గాని, రాబోవు కానుపునకు రెండింటివలనను ప్రయోజనము లేదని నేననిన పెద్దలు తప్పెన్నవలదు.

ఈ లోపమును గుర్తించి సవరింప బూనినవారిలో స్కాట్లండునందలి అబర్డీన్ నగరమున ప్రసూతిశాస్త్రాచార్యుడైన డూగల్డ్ బెయిర్డ్ ముఖ్యుడు. 1954లో నాతడును సహచరులును మృతశిశు జననములను, పుట్టిన తొలివారములోని మరణములను క్రొత్తరీతిని విభజించి ప్రకటించిరి. శవపరీక్షలో బిడ్డయందేమి కనబడెనన్నది గాక, కీడునకు మొదలెక్కడ యన్నదే వారి ప్రశ్న. ముగ్గురు బిడ్డలు ఊపిరాడకయే పోయిరనుకొనుడు. ఒకని తల్లికి రక్తపుపోటు. వేరొకని తల్లికి నొప్పులు రాకముందే రక్తస్రావము. మూడవయామె రెండు దినములు నొప్పులు పడినది. చావు ఒక్కటే, చేయవలసిన పనులు మూడు: నెలనెల పరీక్ష, ఎక్కించుటకు సిద్ధముగా రక్తము, సకాలమున శస్త్రచికిత్స.

కారణము తెలియని మరణములకు బెయిర్డ్ ఏదో పేరు తగిలించి వదలలేదు. ‘కారణమెరుగము’ అను శీర్షికనే నిలిపి, అయిదున్నర పౌనుల తూకమునకు మించిన బిడ్డలను, మించని బిడ్డలను వేరుచేసెను. నాకాతనిపై గౌరవము కలిగినది ఇచ్చటనే. పొట్టి తల్లుల బిడ్డలే యెక్కువగా పోవుచుండుటయు నాతడు గమనించెను. బాల్యమున చాలినంత తిండి లేక ఎదుగుదల కుంటువడిన ఆడపిల్లలే యట్టి తల్లులని యాతని యభిప్రాయము. అనగా కానుపు కష్టమునకు బీజము ఇరువదియేండ్ల క్రిందటి కంచములోనే పడియుండవచ్చును!

అయితే శవపరీక్షకు వీలులేని చోట్ల నేమి చేయుదురు? 1980లో జొనాథన్ విగిల్స్‌వర్త్ అను ఆంగ్ల వైద్యుడు సులభమైన విభాగమును చూపెను. చర్మము నాని యూడివచ్చుచున్నచో బిడ్డ నొప్పులకు ముందే గర్భమున పోయినదన్నమాట. గర్భిణీ దశలోని సంరక్షణను విచారింపవలెను. అవయవలోపము లేని నిండునెలల బిడ్డ చర్మము చెడక మృతిచెంది పుట్టినచో పురిటిగది పనినే ప్రశ్నింపవలెను. నెలలు నిండక పుట్టి పోయినవారిది వేరు వరుస.

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన పద్ధతిలో మరణము నొప్పులకు ముందా, నొప్పులలోనా, పుట్టిన పిమ్మటనా యని మొదట తేల్తురు. బిడ్డ కారణముతోపాటు తల్లి స్థితిని జతచేసి వ్రాయుదురు. తల్లియందే దోషమును కానరానిచో, ఆ మాటకును ఒక గడి కలదు.