చేపల తొట్టెలో నీలిమందు

1876లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీలో హైన్రిష్ కారో అనే రసాయన శాస్త్రజ్ఞుడు బట్టల అద్దకం కోసం మిథిలీన్ బ్లూ అనే రంగు తయారుచేశాడు. అదే ఏడాది ఫ్రాన్సులో ఫూకే అనే పరిశోధకుడు మంచినీటి చేపలకు తెల్లమచ్చలు తెచ్చే ఏకకణ జీవిని గురించి రాశాడు. అప్పటికి ఆ రంగుకూ ఈ జబ్బుకూ ఏ సంబంధమూ లేదు. ఇవాళ మన ఊళ్లో అక్వేరియం దుకాణానికి వెళ్లి చేపకు ఒంట్లో బాగాలేదంటే చాలాసార్లు ఆ నీలిసీసానే చేతిలో పెడతారు.

ఇళ్లలో గాజుతొట్టెల సరదా దానికి పాతికేళ్ల ముందు ఇంగ్లండులో మొదలైంది. నీటిమొక్కలు, నత్తలు, చేపలు ఒకే పాత్రలో ఒకదాన్ని ఒకటి ఎలా బతికించుకుంటాయో 1850లో రాబర్ట్ వారింగ్టన్ చూపించాడు. 1853లో లండన్ జూ చేపల కోసం ప్రత్యేక భవనం తెరిచింది. మరుసటి ఏడాది వచ్చిన ఫిలిప్ గాస్ పుస్తకంతో అక్వేరియం ఇంటింటి వేడుకైంది. చేపల జబ్బుల మీద పెద్ద గ్రంథం రావడానికి మాత్రం 1904 దాకా ఆగాల్సి వచ్చింది. దాన్ని రాసినవాడు మ్యూనిక్‌కు చెందిన బ్రూనో హోఫర్.

అద్దకపు రంగు మందుగా మారడం వెనుక ఉన్నవాడు పాల్ ఎర్లిష్ అనే వైద్య శాస్త్రజ్ఞుడు. బతికున్న కణాల్లో కొన్నిటికే మిథిలీన్ బ్లూ పట్టుకోవడం ఆయన గమనించాడు. అలాంటప్పుడు మనిషిని వదిలేసి రోగకారిని మాత్రమే చంపే రంగు ఎందుకు ఉండకూడదు? 1891లో బెర్లిన్‌లో గుట్‌మన్‌తో కలిసి ఇద్దరు మలేరియా రోగులకు ఇచ్చి చూశాడు, గుణం కనిపించింది. చేపల తొట్టెలో మనం పోసే చుక్కలకు మూలం ఈ ఆలోచనే.

అయితే మందు పోసినా చేప చచ్చిపోయిందని బాధపడేవాళ్లు ఎందరో. ఇందులో తప్పు సాధారణంగా మందుది కాదు, సమయానిది. తెల్లమచ్చల జబ్బు చేసిన చేప మొదట గులకరాళ్లకు ఒళ్లు రాసుకుంటుంది. తర్వాత రెక్కల మీద ఉప్పురవ్వ చల్లినట్టు మచ్చలు తేలతాయి. ఒక్కో మచ్చలో ఒక జీవి చర్మం పైపొర కింద కూర్చుని తింటూ పెరుగుతూ ఉంటుంది. అక్కడున్నంత సేపూ నీళ్లలో కలిపిన మందు దాన్ని చేరదు. ఎదిగాక అది చేపను వదిలి అడుగుకు దిగి, చుట్టూ పొర కట్టుకుని, లోపల చీలి చీలి వందల పిల్లలవుతుంది. ఆ పొరనూ మందు దాటలేదు. పిల్లలు బయటపడి కొత్త చేప కోసం ఈదే ఒకటి రెండు రోజుల్లోనే అవి మందుకు దొరుకుతాయి. మచ్చలు రాలిపోగానే తగ్గిందనుకుని మందు ఆపేస్తే, సరిగ్గా ఆ పిల్లలు పుట్టే వేళకు తొట్టెలో మందు ఉండదు. 25 డిగ్రీల నీటిలో ఈ చక్రం వారం లోపే తిరుగుతుంది, చల్లని నీటిలో వారాలు పడుతుంది. అందుకే నీటిని కొంచెం వేడి చేసి చక్రాన్ని తొందరపెడతారు. వేడినీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంపు ఆగకూడదు.

తెల్లమచ్చల మీద ఇంకా గట్టిగా పనిచేసేది 1877లో పుట్టిన మరో అద్దకపు రంగు, మలకైట్ గ్రీన్. క్యాన్సర్ భయంతో తినే చేపలకు దాన్ని చాలా దేశాలు నిషేధించాయి. పేరు కలిసినా, మన భీమవరం, నెల్లూరు రొయ్యల రైతులను ముంచే వైట్ స్పాట్ వైరస్ వల్ల వచ్చేది, దానికీ ఈ చేపల జబ్బుకూ చుట్టరికం లేదు. ఈ మందులు అక్కడ పనికిరావు.

నీలిమందు ఇంకో పని కూడా చేస్తుంది. తొట్టెలో నైట్రైట్ పెరిగితే చేప రక్తం గోధుమరంగుకు తిరిగి ఆక్సిజన్ మోయలేకపోతుంది. చేప నీటి పైకొచ్చి నోరు తెరుస్తుంది. ఇలాంటి రక్తదోషంతోనే ఆసుపత్రికి వచ్చిన మనుషులకు నేటికీ డాక్టర్లు ఎక్కించేది మిథిలీన్ బ్లూనే. కానీ చేప మలినాన్ని శుద్ధిచేసే ఫిల్టర్ బాక్టీరియాను కూడా అది దెబ్బతీస్తుంది. అందుకే నీలిమందు వాడేటప్పుడు జబ్బు చేపను వేరే తొట్టెలో ఉంచి వైద్యం చేయడం మేలు. తెల్లమచ్చలైతే పాత తొట్టెలోని చేపలన్నిటినీ అలా మార్చాలి. పరాన్నజీవి పిల్లలకు ఒక్క చేపా దొరక్కపోతే అవి వాటంతటవే చస్తాయి.

ఎంత చేసినా దక్కని చేపలుంటాయి. బతికుండగానే టాయిలెట్‌లో వదలడం, ఫ్రీజర్‌లో పెట్టడం హింస, దయచేసి అలా చేయకండి. లవంగనూనెలోని యూజినాల్ చేపలకు మత్తుమందు. గోరువెచ్చని నీటిలో నూనెను గట్టిగా గిలక్కొట్టి, చేప ఉన్న పాత్రలో కొద్దికొద్దిగా కలిపితే అది మొదట స్పృహ తప్పుతుంది. ఆ తర్వాత మోతాదు పెంచితే ప్రాణం పోతుంది. మొప్పలు ఆడటం ఆగినా వెంటనే బయటికి తీయకుండా కనీసం 10 నిమిషాలు అదే నీటిలో ఉంచాలి.